అణుశక్తికి కావలి ఎవరు?

నేటి నాగరకతకు విద్యుచ్ఛక్తి ప్రాణవాయువు వంటిదని పాఠ్యపుస్తకాలు చెప్పుతున్నవి. గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లాలోను, అవతల ఆదిలాబాద్ జిల్లాలోను పుట్టి పెరిగిన మాకు ఆ మాట పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం రాలేదు. మా ఇండ్లలో తెల్లవారేది గని సైరన్ మోతతో. మా వాకిండ్లలో ఆరవేసిన బట్టలపై పడేది విద్యుత్ కేంద్రపు బూడిద. దేశానికి వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదో, ఆ వెలుగుకు వెల ఎవరు చెల్లిస్తున్నారో చిన్ననాటనే కండ్లారా చూసినవారము.

అటువంటి మేము మా కళాశాలలో జరిగిన వక్తృత్వపు పోటీలో "అణుశక్తి: వరమా, శాపమా?" అనే విషయంపై మాట్లాడినాము. విజ్ఞానశాస్త్ర విద్యార్థులం నలుగురం ఒక పక్షంగా నిలిచి, ముమ్మాటికి వరమేనని వాదించినాము. ఒక్క కిలోగ్రాము యురేనియం-235 పూర్తిగా విచ్ఛేదనం చెందితే దాదాపు 3,000 టన్నుల మేలురకపు బొగ్గు మండినంత వేడి పుడుతుందని చెప్పినప్పుడు సభ చప్పట్లతో మారుమ్రోగినది. బహుమతి కూడ మాకే వచ్చినది.

ఆ సాయంకాలం బహుమతి పుస్తకాలు చేతబట్టుకొని మాలో ఒకని ఇంటికి చాయ్ తాగడానికి పోయినాము. ఆ ఇంటి పెద్దను మేమందరం చాచా అని పిలుస్తాము. ముప్పది ఏండ్లకు పైగా భూగర్భ గనిలో పనిచేసి, మైనింగ్ సర్దారుగా పదవీ విరమణ చేసినవారు. మా ఉపన్యాసమంతా మళ్ళీ వినిపించుమన్నారు. వినిపించినాము. ఆయన చప్పట్లు కొట్టలేదు. చాయ్ కప్పు కింద పెట్టి నెమ్మదిగా ఒకే మాట అడిగినారు.

"బేటా, బొగ్గు బూడిద కండ్లకు కనవడ్తది. మీ అణువు బూడిద కనవడదు, వాసన రాదు అంటరు. మరి దానికి కావలి ఎవలుంటరు?"

మా నలుగురిలో ఒక్కరి వద్ద కూడ జవాబు లేకపోయినది. సభను గెలిచిన మేము ఆ వరండాలో ఓడిపోయినాము. ఆ ఓటమి నుండి పుట్టినదే ఈ వ్యాసము. ఆ తరువాత కొన్ని నెలలపాటు దొరికిన పుస్తకాలు, నివేదికలు చదివి, తెలిసిన అధ్యాపకులను అడిగి, మేము తెలుసుకున్నది తోటి విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు విన్నవించుకుంటున్నాము.

మొదట మన ఇంటి లెక్క చూద్దాము. ఈ నేలలో బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో కనుగొన్నాడు. 1889లో తవ్వకం ప్రారంభమైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. కాలక్రమాన గనులు గోదావరి తీరం వెంట బెల్లంపల్లికి, మందమర్రికి, గోదావరిఖనికి విస్తరించినవి. బొగ్గు ఉన్నచోటికి విద్యుత్ కేంద్రాలు వచ్చినవి. రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం 1971లో పనిచేయడం ప్రారంభించినది. ఎన్.టి.పి.సి. వారి మహా విద్యుత్ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగినది, 1983లో తొలి యూనిట్ వెలిగినది, అది క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగినది. జైపూర్ వద్ద సింగరేణి వారి 1,200 మెగావాట్ల కేంద్రం, రామగుండంలోనే మరి రెండు 800 మెగావాట్ల యూనిట్లు తరువాత వచ్చినవి.

ఒక యూనిట్ విద్యుత్తు పుట్టించడానికి సుమారు 650 గ్రాముల బొగ్గు కావలెనని అనుకుంటే, 2,600 మెగావాట్ల కేంద్రం పూర్తి స్థాయిలో ఒక రోజు పనిచేయడానికి దాదాపు 40,000 టన్నుల బొగ్గు మండవలెను. మన బొగ్గులో మూడోవంతు వరకు బూడిదయే. అనగా రోజుకు పదమూడు వేల టన్నుల బూడిద. ఈ లెక్క కాగితంపై వేసుకున్న నాడు మాకు మా ఊరి చుట్టూ ఉన్న బూడిద చెరువుల అర్థం మొదటిసారి పూర్తిగా తెలిసినది. బొగ్గు తరగని నిధి కూడ కాదు. బెల్లంపల్లిలో ఒకటొకటిగా గనులు మూతపడిన తరువాత ఖాళీ అయిన క్వార్టర్లను చూసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. 1971 నాటి ఆ పాత రామగుండం కేంద్రం కూడ 2024లో ఆగిపోయినది. పొగ వలన భూగోళం వేడెక్కుతున్నదన్న విషయం సరేసరి. కనుక బొగ్గు తరువాత ఏమి అనే ప్రశ్న ఇతరులకు విజ్ఞాన విషయం కావచ్చును గాని మాకు మాత్రం బువ్వకు సంబంధించిన విషయము.

ఇక అణుశక్తి. బొగ్గు మండినప్పుడు పరమాణువుల కలయిక మాత్రమే మారుతుంది, పరమాణువు చెక్కుచెదరదు. యురేనియం కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకినప్పుడు కేంద్రకమే రెండుగా చీలుతుంది. చీలినప్పుడు వేడితోపాటు మరి రెండు మూడు న్యూట్రాన్లు వెలువడి ఇతర కేంద్రకాలను చీల్చుతవి. ఈ గొలుసును అదుపులో ఉంచి, పుట్టిన వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్ తిప్పడమే అణు విద్యుత్ కేంద్రం పని. ఆవిరి నుండి అవతల అంతా రామగుండం వంటిదే. పొయ్యి మాత్రమే వేరు.

మా ఉపన్యాసంలో ఒక పొరపాటు ఉన్నదని చదివినకొద్దీ తెలిసినది. మేము చెప్పిన 3,000 టన్నుల లెక్క శుద్ధమైన యురేనియం-235కు సంబంధించినది. ప్రకృతిలో దొరికే యురేనియంలో అది నూటికి 0.7 వంతు మాత్రమే. మన దేశపు భారజల రియాక్టర్లలో వాడేది ఆ సహజ యురేనియమే. అర మీటరు పొడవు ఉండే ఒక ఇంధనపు కట్టలో పదమూడు కిలోలకు పైగా యురేనియం ఉంటుంది. దాని నుండి లభించే వేడి మన బొగ్గు లెక్కలో సుమారు 450 టన్నులకు, అనగా ఏడెనిమిది వ్యాగన్లకు సమానము. మేము వేదికపై చెప్పినంత గొప్ప అంకె కాకపోయినను, రెండు చేతులతో ఎత్తగల ఒక వస్తువు ఏడెనిమిది వ్యాగన్ల బొగ్గుకు సాటి రావడం సామాన్యమైన విషయం కాదు.

ఈ పరిశ్రమ మన దేశంలో పెరిగిన తీరు కూడ చెప్పుకోదగినదే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, హోమీ భాభా అధ్యక్షతన అణుశక్తి సంఘం ఏర్పడినది. 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేసినది. 1969లో తారాపూర్ కేంద్రం విద్యుత్తు ఇచ్చినది. 1974 నాటి పోఖ్రాన్ పరీక్ష తరువాత విదేశీ సహాయం ఆగిపోయినప్పుడు మన ఇంజనీర్లు రాజస్థాన్‌లో సగంలో ఉన్న పనిని తామే పూర్తిచేసుకున్నారు. 1984లో కల్పాక్కం కేంద్రం స్వశక్తితో నిర్మాణమైనది. తరువాత నరోరా, కాక్రపార్, కైగా వచ్చినవి. కైగాలోని మొదటి యూనిట్ 2018 డిసెంబరు వరకు ఆగకుండా 962 రోజులు నడిచి ఆనాటికి ప్రపంచ రికార్డు స్థాపించినది. కాక్రపార్‌లో స్వదేశీ 700 మెగావాట్ల రియాక్టర్ 2021లో గ్రిడ్‌కు అనుసంధానమైనది.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోరాదు. ఈ కథలో మన తెలుగునేలకు పెద్ద పాత్ర ఉన్నది. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైనది. దానికి ప్రాణం పోసినవారు పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. రియాక్టర్లను అదుపు చేసే పరికరాలు అక్కడ తయారైనవి. దాని ప్రక్కనే 1971లో అణు ఇంధన సముదాయం వెలిసినది. భారజల రియాక్టర్లలో వాడే ఇంధనపు కట్టలు అక్కడనే తయారవుతున్నవి. యురేనియం ఖనిజాన్ని అన్వేషించే శాఖ ప్రధాన కార్యాలయం కూడ హైదరాబాదులోనే ఉన్నది.

మమ్ములను అన్నిటికన్న ఆశ్చర్యపరచినది మణుగూరు భారజల కర్మాగారము. 1991లో ప్రారంభమైన ఈ కర్మాగారానికి ఏటా 185 టన్నుల సామర్థ్యము. భారజలం ఎక్కడి నుండో తెచ్చేది కాదు. మామూలు నీటిలోనే 6,000-7,000 హైడ్రోజన్ పరమాణువులలో ఒకటి బరువైనది ఉంటుంది. దానిని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సహాయంతో మెల్లమెల్లగా కూడగట్టవలెను. ఈ పనికి కావలసిన నీరు గోదావరిది. ఆవిరికి, విద్యుత్తుకు మండేది సింగరేణి బొగ్గు. బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం మీదుగా మా రెండు జిల్లాలను ఒరుసుకొని పారిన నీటి నుండే అక్కడ రియాక్టర్లకు భారజలం తయారవుతున్నది. బొగ్గుకు, అణువుకు వైరమని సభలో వాదించిన మేము ఈ సంగతి తెలిసి సిగ్గుపడినాము. ఒకదాని భుజంపై మరొకటి ఎక్కి నిలిచి ఉన్నది. కల్పాక్కం, కైగా కేంద్రాల విద్యుత్తులో తెలంగాణకు వాటా ఉన్నది కనుక మా ఇంటి బల్బులో కూడ కొంత అణువు వెలుగుతున్నదన్న మాట.

భవిష్యత్తు విషయానికి వస్తే, 2025 నాటికి దేశంలో అణు విద్యుత్ సామర్థ్యం సుమారు 8,800 మెగావాట్లు. మొత్తం విద్యుత్తులో దాని వంతు నూటికి మూడు మాత్రమే. 2047 నాటికి దీనిని 1,00,000 మెగావాట్లు చేయవలెనని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రభుత్వం ప్రకటించినది. మన వద్ద యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. తూర్పు, పశ్చిమ తీరాల ఇసుకలోని మోనజైట్‌లో అది ఉన్నది. సహజ యురేనియంతో మొదటి దశ, అందులో పుట్టే ప్లుటోనియంతో రెండవ దశ, థోరియంతో మూడవ దశ అని భాభా వేసిన బాట ఇప్పటికీ దేశం ముందున్నది. రెండవ దశకు గుర్తుగా కల్పాక్కంలో నిర్మించిన 500 మెగావాట్ల బ్రీడర్ రియాక్టర్‌లో ఇంధనం నింపే పని 2024 మార్చిలో మొదలైనది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్ల ప్రతిపాదన చాలా కాలంగా ఉన్నది.

ఇంతవరకు చదివిన తరువాత కూడ చాచా ప్రశ్న అక్కడనే నిలిచి ఉన్నది. నిజానికి చదివినకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైనది. 1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలండ్, 1986లో సోవియట్ దేశంలో చెర్నోబిల్, 2011లో జపానులో ఫుకుషిమా. మూడింటిలోను యంత్రం ఒక్కటే తప్పు చేయలేదు. హెచ్చరికను వినవలసినవారు వినకపోవడం, చెప్పవలసినవారు చెప్పకపోవడం కూడ ఉన్నది. కొన్ని దేశాలు ఈ శక్తికి స్వస్తి చెప్పినవి. జర్మనీ తన చివరి రియాక్టర్లను 2023 ఏప్రిల్‌లో ఆపివేసినది. ఫ్రాన్సు మాత్రం తన విద్యుత్తులో దాదాపు మూడింట రెండు వంతులు దాని నుండే పొందుతున్నది. ఒకే విజ్ఞానము, రెండు తీర్పులు.

ఆపద రియాక్టర్ వద్దనే మొదలు కాదు. కడప జిల్లా తుమ్మలపల్లిలో 2012 నుండి యురేనియం తీస్తున్నారు. ఖనిజాన్ని శుద్ధి చేసిన తరువాత మిగిలిన మడ్డి నిలువ చేసే చెరువు వలన తమ బోరు నీళ్ళు చెడిపోయినవని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకుంటూ వచ్చినారు. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతపు ప్రజలు తవ్వకం వద్దన్నారు. నల్లమలలో చెంచుల అడవిలో యురేనియం తవ్వరాదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించినది. ఈ ప్రజలు విజ్ఞానానికి శత్రువులని కొందరు అంటారు. బూడిద చెరువు ప్రక్కన పెరిగిన మేము ఆ మాట అనలేము. తన బావి నీటి గురించి రైతు అడిగే ప్రశ్నకు ప్రయోగశాల లెక్కతో, ఆ రైతుకు అర్థమయ్యే భాషలో జవాబు చెప్పడమే విజ్ఞానం పని.

కావలి సంగతి ఇక్కడనే వస్తుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడినది. రియాక్టర్లు నిర్మించే శాఖకు, వాటిని తనిఖీ చేసే మండలికి పైన ఉన్న పెద్దలు ఒక్కరే కావడం మంచిది కాదని ఎందరో అన్నారు. మండలికి చట్టబద్ధమైన స్వతంత్ర ప్రతిపత్తి లేదని 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక ఎత్తిచూపినది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లు మురిగిపోయినది. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త అణుశక్తి చట్టం చేసి, ప్రైవేటు సంస్థలకు ఈ రంగంలో ద్వారం తెరిచినది, నియంత్రణ మండలికి చట్టబద్ధ స్థానం కూడ కల్పించినది. చట్టంలో పేరు రావడం ఒకటి, ఆ పేరుకు తగిన ధైర్యం రావడం మరొకటి.

ఈ విషయాలన్నీ ఒక కాగితంపై వ్రాసుకొని మళ్ళీ చాచా ఇంటికి పోయినాము. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. వ్యర్థాన్ని గాజులో కలిపి బిగించి నిలువ చేస్తారని, వేల సంవత్సరాలు దానిని కాపాడవలెనని, ఫిన్లండులో అందుకోసమే 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తొలిచినారని, మన దేశంలో అటువంటి శాశ్వత నిలయం ఇంకా ఏర్పడలేదని ఉన్నది ఉన్నట్లు చెప్పినాము. ఆ లోతు మాట విన్నప్పుడు ఆయన ముఖం వికసించినది. అది ఆయన ఎరిగిన లోకము.

అప్పుడు ఆయన తమ పనిని గురించి చెప్పినారు. షిఫ్టు వారు లోపలికి రాకముందే సర్దారు సేఫ్టీ లాంపుతో పోతాడు. దీపపు మంట చూసి గాలిలో వాయువు ఉన్నదా లేదా తెలుసుకుంటాడు. కర్రతో పైకప్పును తట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది, డొల్ల చప్పుడు వస్తే ఊడేది. అనుమానం ఉన్నచోట అడ్డు కట్టి, ఎవరినీ పోనియ్యడు. బొగ్గు తీసిన ఖాళీలో ఇసుక నింపవలసి ఉంటే నింపించకుండా వదలడు. ఒకసారి ఆయన అడ్డు కట్టినచోట పని ఆగితే, ఆనాటి ఉత్పత్తి తగ్గుతుందని పైవారు ఒకరు కోపగించుకున్నారట. ఆయన అడ్డు తీయలేదు. రెండవ షిఫ్టు నాటికి ఆ కప్పు కూలినది. కింద ఎవరూ లేరు.

"సర్దారు ఆగుమంటే మేనేజరైన ఆగాలె, బేటా. అట్ల ఆగే తాన ఎంత లోతుకైన దిగచ్చు. ఆగని తాన బావి గట్టు మీద నిలబడుడు కూడ ప్రమాదమే" అన్నారు.

మాకు జవాబు దొరికినది. అణుశక్తి వరమా, శాపమా అన్న ప్రశ్నయే తప్పు. ఆగుమని చెప్పగల సర్దారు ఉన్నాడా, ఆ మాటకు ఆగే మేనేజరు ఉన్నాడా అన్నదే సరియైన ప్రశ్న. ఈ పరిశ్రమ భవిష్యత్తు మెగావాట్ల అంకెలపై కన్న ఈ ఒక్క ప్రశ్నకు దేశం చెప్పే సమాధానంపై ఎక్కువగా ఆధారపడి ఉన్నదని మా దృఢ విశ్వాసము. ఆ సమాధానం సవ్యంగా ఉన్ననాడు బొగ్గు తరువాతి కాలానికి అణువు ఒక గట్టి ఆధారం కాగలదు. లేనినాడు ఎంత విజ్ఞానమున్నా డొల్ల కప్పు కింద నిలబడినట్లే.

తోటి విద్యార్థులకు ఒక మాట. ఈ సంచికను ఎడమ నుండి తెరిస్తే తెలుగు పుటలు, కుడి నుండి తెరిస్తే ఉర్దూ పుటలు. ఉర్దూలో అణుశక్తిని జౌహరీ తవానాయి అంటారు. జౌహర్ అంటే పరమాణువు, జౌహర్ అంటేనే రత్నము. మన పెద్దలు బొగ్గును నల్ల బంగారమన్నారు, పరమాణువును రత్నమన్నారు. బంగారానికి, రత్నానికి కావలి అవసరమని వేరే చెప్పవలెనా? ఒకనాడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాన్ని ఉర్దూలో బోధించినది. భౌతికశాస్త్రాన్ని మాతృభాషలో అర్థం చేసుకోగలిగినవారే రేపు రైతు ముందు, కార్మికుని ముందు నిలబడి జవాబు చెప్పగలరు. మనలో కొందరు భాభా అణు పరిశోధన కేంద్రపు శిక్షణ పాఠశాలకు, మణుగూరుకు, హైదరాబాదు ఇంధన సముదాయానికి పోవాలె. పోయినవారు ఇంజనీర్లు మాత్రమే కాక, అవసరమైనప్పుడు అడ్డు కట్టే సర్దారులు కూడ కావాలె.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పమైనది. గ్రంథాలయంలో ఈ విషయంపై ఉభయ భాషలలోను దొరికిన పుస్తకాలు తెప్పించవలెను. వచ్చే సంవత్సరపు విహారయాత్రలో ఒక రోజు ఏదైన విద్యుత్ కేంద్రానికి గాని, అనుమతి లభిస్తే మణుగూరుకు గాని కేటాయించవలెను. మరల వక్తృత్వపు పోటీ జరిగితే, న్యాయనిర్ణేతల వరుసలో పదవీ విరమణ చేసిన గని కార్మికుడు ఒకరికి కుర్చీ వేయించవలెను. ఆయన చప్పట్లు కొట్టకపోవచ్చును. కాని మనం తిరిగి పుస్తకం తెరవవలసిన ప్రశ్న ఒకటి తప్పక అడుగుతారు.